కరెంటు లేకుండా తిరిగే జనరేటరు, నీటితో నడిచే కారు: కొనబోయే ముందు ఏమి కొలిచి చూడాలి?

తాటిముంజె:
సభ్యులందరికీ నమస్కారం. మా బావగారికి కందుకూరు దగ్గర ఒక ఊరిలో పిండి మర ఉంది. అది ఏడున్నర హెచ్‌పీ మోటారుతో నడుస్తుంది. నెలనెలా వచ్చే కరెంటు బిల్లుతో విసిగిపోయిన ఆయనకు ఎవరో ఒక యూట్యూబ్ వీడియో చూపించి, ‘ఫ్రీ ఎనర్జీ జనరేటరు’ అమ్మే ఒక సంస్థను పరిచయం చేశారు. ఒక హెచ్‌పీ మోటారు, దానికి బెల్టుతో కలిపిన బరువైన ఫ్లైవీలు, ఆ చివర పది కిలోవాట్ల ఆల్టర్నేటరు (తిప్పితే కరెంటు పుట్టించే యంత్రం) ఉంటాయి. మొదట బ్యాటరీతో తిప్పి వదిలితే చాలునని, ఆ తరువాత పుట్టిన కరెంటులో కొంత మోటారుకే తిరిగి వెళ్తుందని, మిగిలినదంతా మరకు వాడుకోవచ్చునని వారు చెబుతున్నారు. కారు మైలేజీ పెంచే నీటి కిట్టును కూడా ఆ సంస్థే అమ్ముతోంది. బావగారు ఇప్పటికే బయానా ఇచ్చేశారు. నేను కామర్స్ చదివినవాణ్ణి కనుక ఆయనతో వాదించే శక్తి నాకు లేదు. ఆయన మనసు కష్టపెట్టకుండా, అమ్మేవారిని ఏమి అడగమనాలో తెలిసినవారు చెప్పగలరు.

నిర్వాహకులు:
ఆ సంస్థ పేరు గానీ, ఫోను నంబరు గానీ, వీడియో లంకె గానీ ఇక్కడ పెట్టవద్దని మనవి. విషయం మీదనే చర్చ సాగించండి.

వైండింగ్ షాపు:
మోటార్లకు వైండింగ్ చేయడం, ఆల్టర్నేటర్లు బాగుచేయడం నా వృత్తి. ఇలాంటి ఏర్పాటు ఒకటి నా షాపుకే మరమ్మతుకు వచ్చింది కాబట్టి దాన్ని విప్పి చూసే అవకాశం నాకు కలిగింది. లోపల అద్భుతమేమీ లేదు. మోటారు మామూలుదే, ఆల్టర్నేటరూ మామూలుదే.

ఇక ఫ్లైవీలు సంగతి. యాభై కిలోల బరువు, ముప్పై సెంటీమీటర్ల వ్యాసార్ధం ఉన్న ఇనుప చక్రం నిమిషానికి 1500 చుట్లు తిరుగుతోందని అనుకుందాం. దానిలో నిలవ ఉండే శక్తి సుమారు 28 కిలోజౌళ్లు. మీ బావగారి మోటారు పూర్తి లోడు మీద మరకు ఇచ్చేది దాదాపు ఐదున్నర కిలోవాట్లు. అంటే నష్టాలేమీ లేవనుకున్నా, ఆ చక్రంలోని శక్తి మొత్తం ఐదు సెకన్లలో అయిపోతుంది. అదే చక్రానికి తొమ్మిది వాట్ల ఎల్‌ఈడీ బల్బు తగిలిస్తే, బేరింగుల రాపిడిని పక్కన పెడితే, ముప్పావు గంటకు పైగా వెలుగుతుంది. వీడియోల్లో ఎప్పుడూ ఎల్‌ఈడీ బల్బుల వరుసనే చూపించి, మరను గానీ వెల్డింగు మిషనును గానీ ఎందుకు చూపించరో దీన్నిబట్టి అర్థమవుతుంది.

ఫ్లైవీలు పనికిమాలిన వస్తువేమీ కాదు. పవర్ ప్రెస్సుల్లోనూ, పాత ఆయిలింజన్లలోనూ కుదుపు లేకుండా తిరగడానికి దాన్ని వాడుతున్నాము. అయితే మోటారు ఇచ్చిన శక్తిని కొంతసేపు దాచి తిరిగి ఇవ్వడమే దాని పని. ఇవ్వనిదాన్ని పుట్టించే గుణం దానికి లేదు.

మరొక కిటుకు కూడా చెబుతాను. క్లాంప్ మీటరు పట్టుకుని లోపలికి ఇన్ని ఆంపియర్లు, బయటికి ఇన్ని ఆంపియర్లు అని చూపిస్తారు. పవర్ ఫ్యాక్టరును (లైనులో పారే కరెంటులో నిజంగా పనిచేసే వంతును) లెక్కలోకి తీసుకోకుండా ఆంపియర్లను వోల్టులతో గుణించి వాట్లు అనడం తప్పు. లోడు లేకుండా తిరిగే మోటారుకు ఒక కెపాసిటరు తగిలిస్తే లైనులో ఆంపియర్లు బాగా పడిపోతాయి గానీ, అది తినే యూనిట్లు దాదాపు అంతే ఉంటాయి. ప్లగ్గులో పెడితే ఇంటి బిల్లు తగ్గుతుందంటూ సంతల్లో అమ్మే చిన్న డబ్బాల రహస్యం కూడా ఇదే. ఇళ్లకు బిల్లు వేసేది యూనిట్ల మీదే తప్ప ఆంపియర్ల మీద కాదు.

ఆశావాది:
పెద్దలు మన్నించాలి. కొత్త ఆలోచన వచ్చిన ప్రతిసారీ ‘అసాధ్యం’ అన్నవారు చరిత్రలో ఎందరో ఉన్నారు. 12వ శతాబ్దంలోనే మన భాస్కరాచార్యుడు పాదరసం నింపిన ఆకులతో (చక్రపు కడ్డీలతో) తనంతట తాను తిరిగే చక్రాన్ని సిద్ధాంత శిరోమణిలో వర్ణించాడు. 2008లో జపానులో జెనెప్యాక్స్ అనే సంస్థ నీటితో నడిచే కారును విలేకరుల ముందు నడిపి చూపించింది. అమెరికాలో స్టాన్లీ మేయర్ నీటితో బగ్గీ నడిపి, పేటెంట్లు కూడా పొందాడు. నీటిలో హైడ్రోజన్ ఉన్నదన్నది అబద్ధం కాదు, హైడ్రోజన్ మండుతుందన్నదీ అబద్ధం కాదు. మన కేంద్ర మంత్రి నితిన్ గడ్కరీ గారే 2022 మార్చిలో హైడ్రోజన్ కారులో పార్లమెంటుకు వెళ్లారు. విశాఖ దగ్గర పూడిమడకలో నీటి నుంచి హైడ్రోజన్ తీసే భారీ ప్రాజెక్టుకు శంకుస్థాపన కూడా జరిగింది. అలాంటప్పుడు ఒక చిన్న మెకానిక్ చేస్తే మాత్రం మోసమని ఎందుకు అనాలి?

పాత లెక్చరర్:
ఆశావాది గారు మంచి ప్రశ్నే వేశారు. నాలుగు వేర్వేరు విషయాలు ఒకే ముడిలో ఉన్నాయి కనుక ఒక్కొక్కటిగా విప్పుదాం.

హైడ్రోజన్ ఆక్సిజన్‌తో కలిసి మండితే నీరు వస్తుంది. అంటే నీరు, హైడ్రోజన్ కాలిపోగా మిగిలిన బూడిద. 18 గ్రాముల నీరు ఏర్పడేటప్పుడు 286 కిలోజౌళ్ల శక్తి వెలువడుతుంది. ఆ 18 గ్రాముల నీటిని మళ్లీ విడగొట్టాలంటే కనీసం అంతే శక్తిని మనం పెట్టాలి. లీటరు లెక్కన చూస్తే సుమారు 16 మెగాజౌళ్లు, అంటే దాదాపు నాలుగున్నర యూనిట్ల కరెంటు. ఏ ఉత్ప్రేరకం వాడినా, ఏ ఫ్రీక్వెన్సీతో కరెంటు పంపినా ఈ కనీసపు లెక్క మారదు. ఉత్ప్రేరకం చర్యను వేగవంతం చేస్తుంది గానీ మొదటి స్థితికీ చివరి స్థితికీ మధ్య ఉన్న శక్తి భేదాన్ని తగ్గించలేదు. నీటితో బయలుదేరి నీటితోనే ముగిసే ప్రయాణంలో ఆ భేదం సున్న.

గడ్కరీ గారు ప్రయాణించిన టయోటా మిరాయ్‌లో నింపేది నీరు కాదు, అధిక పీడనంలో ఉన్న హైడ్రోజన్. నీరు దాని పొగగొట్టం నుంచి బయటికి వస్తుంది. పూడిమడకలోనూ శక్తి వచ్చేది సౌర, పవన విద్యుత్తు నుంచే. నీరు అక్కడ ముడిపదార్థం మాత్రమే. నేటి ఎలక్ట్రోలైజర్లలో (కరెంటుతో నీటిని విడగొట్టే యంత్రాలలో) కిలో హైడ్రోజన్ తీయడానికి 50 యూనిట్లకు పైగా ఖర్చవుతుంది. ఆ కిలోను ఇంధనంగా వాడితే అందులో లభ్యమయ్యేది 33 యూనిట్ల శక్తి. ఈ నష్టాన్ని దాచిపెట్టకుండా లెక్కలో రాసుకుని, ఉక్కు, ఎరువుల వంటి పరిశ్రమల అవసరం కోసం భరించడానికి సిద్ధపడటమే హరిత హైడ్రోజన్ పథకం. దానికీ నీటి కారుకూ పోలికే లేదు.

భాస్కరుని చక్రం నిజంగా గొప్ప ఊహ, దాన్ని తీసిపారేయను. ఒకవైపు పాదరసం అంచుకు జారి ఎక్కువ దూరంలో ఉండటం వలన ఆ వైపు బరువు ఎక్కువని తోస్తుంది. కానీ రెండో వైపున కేంద్రానికి దగ్గరగా ఉన్నప్పటికీ, ఏ క్షణంలో చూసినా ఎక్కువ ఆకులు అక్కడే ఉంటాయి. భ్రామకాలన్నీ (ఒక్కో బరువు చక్రాన్ని తిప్పే బలాలన్నీ) కూడితే చక్రం ఒకచోట ఆగి నిలుస్తుంది. ఇలాంటి నిరంతర చలన యంత్రాల ప్రతిపాదనలను ఇకపై పరిశీలించేది లేదని పారిస్ విజ్ఞాన అకాడమీ 1775లోనే తీర్మానించింది.

ఆవిరియంత్రం:
కారు కిట్టు గురించి నేను రాస్తాను, ఇంజన్ల పరీక్ష నా ఉద్యోగం.

ఈ కిట్టులో కాస్టిక్ పొటాష్ కలిపిన నీరు, స్టీలు పలకలు ఉంటాయి. కారు కరెంటుతో నీటిని విడగొట్టి, వచ్చిన వాయువును గాలి గొట్టంలోకి పంపుతారు. ఆరు గదులు వరుసగా కలిపి 12 వోల్టుల మీద 20 ఆంపియర్లు పంపితే అది తినేది 240 వాట్లు, వచ్చే వాయువు నిమిషానికి లీటరుంబావు, అందులోని ఇంధన శక్తి సుమారు 150 వాట్లు. ఆ 240 వాట్లను ఆల్టర్నేటరు ఇవ్వాలంటే ఇంజను దాదాపు 400 వాట్లతో దాన్ని తిప్పాలి. పెట్రోలు ఇంజను సామర్థ్యం పావువంతు అనుకుంటే అందుకు 1600 వాట్ల పెట్రోలు కాలాలి. పదహారు వందలు ఖర్చుపెట్టి నూటయాభై వెనక్కి తెచ్చుకునే ఈ వ్యవహారాన్ని పొదుపు అనడానికి నాకు నోరు రావడం లేదు.

‘మైలేజీ పెరిగింది, నేనే చూశాను’ అనేవారు అబద్ధమాడుతున్నారని నేను అనను. చాలా కిట్లతో పాటు ఆక్సిజన్ సెన్సారు సంకేతాన్ని మార్చే ఒక చిన్న పెట్టె కూడా వస్తుంది. అది ఇంజను కంప్యూటరును ఏమార్చి పెట్రోలు తగ్గిస్తుంది. కొంతకాలం మైలేజీ కనిపించినా, మిశ్రమం పలచబడి మిస్‌ఫైరింగు మొదలవుతుంది, పొగను శుద్ధి చేసే కెటలిటిక్ కన్వర్టరు దెబ్బతింటుంది. పైగా కిట్టు పెట్టించిన మనిషి, తెలియకుండానే యాక్సిలరేటరు మీద కాలు తేలికగా వేస్తాడు. ఇక సరిపాళ్లలో కలిసిన హైడ్రోజన్, ఆక్సిజన్ వాయువు చిన్న నిప్పురవ్వకే పేలుతుంది. ఇంజను నుంచి మంట గొట్టం గుండా వెనక్కి వస్తే ఆ డబ్బా బానెట్టు కింద ఉండే బాంబే.

ఒక అపోహ కూడా తీర్చాలి. రెండో ప్రపంచ యుద్ధ కాలపు విమాన ఇంజన్లలోనూ, బీఎండబ్ల్యూ ఎం4 జీటీఎస్ కారులోనూ నీటిని చిమ్మే ఏర్పాటు ఉన్న మాట నిజమే. అక్కడ నీరు గాలిని చల్లబరిచి నాకింగును (ఇంధనం అదుపు తప్పి మండటాన్ని) ఆపుతుంది, మండేది మాత్రం పెట్రోలే. అలాగే నీళ్లు పోస్తే నడిచే బండి అని మధ్యప్రదేశ్ నుంచి వచ్చిన వార్తలో ఇంధనం కాల్షియం కార్బైడ్. నీరు తగలగానే దాని నుంచి ఎసిటిలీన్ వస్తుంది. ఆ కార్బైడును తయారు చేయడానికి విద్యుత్ కొలిమిలో ఎంత కరెంటు కాలిందో ఆ వార్తలో రాయలేదు.

ఓహాయో తెలుగు:
నేను ఉండేది కొలంబస్ నగరంలో. స్టాన్లీ మేయర్ మా పక్కనున్న గ్రోవ్ సిటీ మనిషి కాబట్టి ఆయన కథ ఇక్కడివారికి బాగా తెలుసు.

లాస్ ఏంజలిస్ నుంచి న్యూయార్కు దాకా 22 గ్యాలన్ల నీటితో వెళ్లగలనని ఆయన చెప్పుకున్నాడు. ఆ ప్రయాణం మాత్రం ఎన్నడూ జరగలేదు. డీలర్‌షిప్ కోసం డబ్బు పెట్టిన ఇద్దరు మదుపుదారులు దావా వేశారు. కోర్టు తరఫు నిపుణులు ఆయన ‘సెల్లు’ను పరీక్షించి, అందులో విప్లవాత్మకమైనదేదీ లేదని, అది మామూలు విద్యుద్విశ్లేషణేనని తేల్చారు. 1996లో న్యాయస్థానం దాన్ని ఘోరమైన మోసంగా నిర్ధారించి 25,000 డాలర్లు తిరిగి ఇమ్మన్నది. 1998 మార్చిలో ఆయన ఒక రెస్టారెంటులో కుప్పకూలి మరణించాడు. విషప్రయోగమని ఇంటర్నెట్ నిండా కథలున్నాయి. మరణ కారణాన్ని విచారించే అధికారి అయిన ఫ్రాంక్లిన్ కౌంటీ కరోనరు మాత్రం మెదడులో రక్తనాళం చిట్లడం వల్లనే మరణం సంభవించిందని తేల్చారు. పేటెంట్ల మాటకు వస్తే, వాటి గడువు ఎప్పుడో తీరింది. ఈ రోజున ఎవరైనా ఆ పత్రాలు చదివి ఆ యంత్రాన్ని నిర్మించుకోవచ్చు. నిర్మించినవారూ ఉన్నారు, నడిపినవారే లేరు.

జెనెప్యాక్స్ 2009లోనే ఖర్చులు భరించలేక మూతపడింది. ఫిలిప్పీన్స్‌లో దశాబ్దాల పాటు నీటి కారు ప్రచారం చేసిన డేనియల్ డింగెల్‌కు 2008లో, తన 82వ ఏట, మదుపుదారును మోసగించిన కేసులో శిక్ష పడింది.

ఆశావాది:
విదేశీ ఉదాహరణలు సరే. మన పొరుగు రాష్ట్రంలో రామర్ పిళ్లై మూలికలతో పెట్రోలు చేస్తే జైలుకు పంపలేదా? చమురు కంపెనీలు, వాటి వెనకనున్న ప్రభుత్వాలు ఇలాంటివారిని ఎదగనివ్వవు. మీరు చెప్పే లెక్కలన్నీ వ్యవస్థ రాసిన పుస్తకాల్లోనివే కదా.

పాత లెక్చరర్:
రామర్ పిళ్లై వ్యవహారం జరిగినప్పుడు నేను ఉద్యోగంలో ఉన్నాను, పత్రికల్లో రోజూ చదివేవాళ్లం. ప్రభుత్వం అణచివేసిందన్న మాటకు ఆ ఉదంతమే గట్టి ఖండన అని నా అభిప్రాయం.

ఆయన రాజపాళయం ప్రాంతపు యువకుడు, పెద్దగా చదువుకోలేదు. 1996లో మూలికలు, నీరు కలిపి మరిగిస్తే పెట్రోలు వంటి ద్రవం వస్తోందని ప్రకటించాడు. ప్రభుత్వం ఆయనను వెంటనే లోపల వేయలేదు సరికదా, పిలిచి పీట వేసింది. కేంద్ర శాస్త్ర సాంకేతిక శాఖ ఆసక్తి చూపింది, పేరున్న శాస్త్రవేత్తల ఎదుట ప్రదర్శనలు జరిగాయి, పత్రికలు ఆకాశానికెత్తాయి. దేశానికి కావలసిన ముడిచమురులో అధికభాగం దిగుమతి చేసుకునే ప్రభుత్వం లీటరు రూపాయికో రెండు రూపాయలకో ఇంధనం వస్తుందంటే ఎందుకు తోసిపుచ్చుతుంది? గుట్టు బయటపడింది ఐఐటీ వారి నిశిత పరీక్షల్లో. గిన్నెలో కలియబెట్టే కర్ర లోపల డొల్లగా ఉన్నదని, అందులో ఇంధనం పోసి మైనంతో మూశారని, మరిగే నీటిలో మైనం కరిగి ఇంధనం పైకి తేలుతోందని అప్పట్లో వార్తలు వచ్చాయి.

కర్ర సంగతి తెలియకపోయినా త్రాసు ఒక్కటి ఉంటే ప్రశ్న తేలిపోయేది. లీటరు పెట్రోలు బరువు సుమారు 740 గ్రాములు, అందులో 630 గ్రాముల దాకా కార్బనే. నీటిలో కార్బన్ లేదు కనుక అదంతా ఆకుల నుంచే రావాలి. వంద గ్రాముల పచ్చి ఆకులో తేమ పోగా మిగిలేది పాతిక గ్రాములు, అందులో కార్బన్ పదకొండు గ్రాములకు మించదు. ఒక్క అణువూ వృథా కాకపోయినా లీటరుకు దాదాపు ఆరు కిలోల ఆకు కావాలి. ఆయన వేసింది గుప్పెడాకు. ఇందుకు వ్యవస్థ రాసిన పుస్తకాలేవీ అక్కరలేదు, కిరాణా కొట్టు త్రాసు చాలు.

ఆ తరువాత కూడా ఆయన ఆగలేదు. తమిళనాడులో ఆ ‘మూలికా ఇంధనం’ అమ్మకానికి పెట్టాడు. 2000లో సీబీఐ కేసు పెట్టింది. అమ్మిన సరుకు టోలీన్, నాఫ్తా వంటి పెట్రోలియం ద్రవాల మిశ్రమమని తేలింది. అంటే చమురు కంపెనీలకు శత్రువని చెప్పుకున్న వ్యక్తి అమ్మింది చమురు సరుకునే. 2016 అక్టోబరులో చెన్నై న్యాయస్థానం మూడేళ్ల కఠిన కారాగార శిక్ష విధించింది. ప్రకటనకూ తీర్పుకూ మధ్య ఇరవై ఏళ్లు గడిచాయి. దీనిలో నన్ను బాధించేది ఆయన మోసం కాదు. మొదటి ప్రదర్శనలో కూర్చున్న పెద్దలు రసాయన శాస్త్రం తెలిసినవారే, కానీ ఎదుటివాడు చేతివాటం చూపవచ్చునన్న అనుమానం వారికి కలగలేదు. ప్రకృతి మనలను మోసగించదు కనుక శాస్త్రవేత్తకు ఆ అనుమానం అలవాటు లేదు. ఇలాంటి ప్రదర్శనలకు ఒక ఇంద్రజాలికుణ్ణి కూడా పిలవాలి.

ఓహాయో తెలుగు:
లెక్చరర్ గారి మాటకు ఒక పూరణ. 2012లో పాకిస్తాన్‌లో ఆఘా వకార్ అహ్మద్ అనే ఇంజనీరు నీటి కిట్టు చూపించినప్పుడూ ఇదే జరిగింది. కేంద్ర మంత్రి ఖుర్షీద్ షా బాహాటంగా మద్దతు ఇచ్చారు, టీవీ చర్చల్లో అణు శాస్త్రవేత్త అబ్దుల్ ఖదీర్ ఖాన్ కూడా సమర్థించే ధోరణిలో మాట్లాడారు. భౌతిక శాస్త్రవేత్త పర్వేజ్ హూద్‌భోయ్ వంటి కొద్దిమంది మాత్రమే, శక్తి ఊరికే పుట్టదని చెప్పే ఉష్ణగతిక శాస్త్ర నియమాలను గుర్తుచేశారు. ఇంధన సంక్షోభంలో ఉన్న ప్రభుత్వాలకు ఇలాంటివి అణచాలన్న తొందర కన్నా నమ్మాలన్న ఆత్రమే ఎక్కువ.

తాటిముంజె:
అందరికీ ధన్యవాదాలు. చాలా తెలుసుకున్నాను. అయితే బావగారికి జౌళ్లు, భ్రామకాలు చెబితే వినరు. ‘కళ్లారా చూశాను, పెద్ద బల్బు వెలిగింది’ అంటారు. ఆయన చూసే చోటనే తేలిపోయే పరీక్ష ఏదైనా చెప్పండి.

వైండింగ్ షాపు:
యంత్రం ఎందుకు పనిచేయదో ఆయనకు చెప్పవద్దు. పనిచేస్తే డబ్బు మొత్తం ఇస్తానని, అయితే ప్రదర్శన మాత్రం మరలోనే జరగాలని చెప్పమనండి. వారి గోడౌనులో, వారి బల్ల మీద, వారి గచ్చు మీద వద్దు. ఫిలడెల్ఫియాలో జాన్ కీలీ అనే ఆయన పాతికేళ్ల పాటు వింత మోటారు చూపించి కంపెనీ షేర్లు అమ్మాడు. 1898లో ఆయన పోయిన తరువాత నేల కింద పెద్ద ఇనుప గోళం, గొట్టాలు బయటపడ్డాయి. సంపీడిత గాలితో నడిపాడని తేల్చారు.

యంత్రాన్ని నాలుగు ఇటుకల మీద పెట్టించి చుట్టూ, కింద కనిపించేలా ఉంచండి. మూతపెట్టిన పెట్టె ఏదైనా ఉంటే తెరవమనండి, లేదా తీసేయమనండి. తిరగడం మొదలైన తరువాత బ్యాటరీ తీగలు విప్పి బ్యాటరీని వీధిలో పెట్టించండి. ఆల్టర్నేటరుకూ మరకూ మధ్య ఒక సీలు వేసిన యూనిట్ల మీటరు పెట్టించండి, త్రీఫేజుది కావాలంటే నేను ఇస్తాను. హాపరులో బియ్యం పోసి మర ఆడించండి. ఒక గంట ఆడితే మీటరులో నాలుగైదు యూనిట్లు కనిపించాలి. బల్బులకు, చిన్న ఫ్యాన్లకు ఒప్పుకోవద్దు. నా అంచనాలో హాపరు గేటు తీసిన పది సెకన్లలోపే బెల్టు మూలుగు మొదలవుతుంది.

తాటిముంజె:
వైండింగ్ షాపు గారు చెప్పిన షరతులను బావగారి చేతనే ఫోనులో అడిగించాను. మీటరు పెడితే తమ సాంకేతిక రహస్యం బయటపడుతుందని, పేటెంటు వచ్చేదాకా బయటి ప్రదర్శనలు కుదరవని, కావాలంటే ముందుగా పూర్తి సొమ్ము కట్టి తీసుకువెళ్లి ఎన్ని పరీక్షలైనా చేసుకోవచ్చునని సమాధానం వచ్చింది. యూనిట్లు లెక్కపెట్టే మీటరుకు రహస్యం ఎలా తెలుస్తుందని ఆయనే తిరిగి అడిగారు. వారు ఫోను పెట్టేశారు. ఇప్పుడు బయానా వెనక్కి రావాలి. చేతిలో ఉన్నది సంస్థ ఇచ్చిన రసీదు, వారు వాట్సాప్‌లో పంపిన కరపత్రం.

నల్లకోటు:
ఆ రెండూ చాలు. కరపత్రంలో ‘ఇంధనం, కరెంటు లేకుండా పది కిలోవాట్లు’ అన్న వాక్యం ఉంటే మరీ మంచిది. ఫోనులో చెరిపివేయకుండా ఉంచండి, స్క్రీన్‌షాట్లు వేరుగా దాచండి.

పేటెంటు వస్తుందన్న మాటను పట్టించుకోవద్దు. మన 1970 నాటి పేటెంట్ల చట్టం 3(ఎ) సెక్షను, స్థిరపడిన ప్రకృతి నియమాలకు స్పష్టంగా విరుద్ధమైన దాన్ని ఆవిష్కరణగానే ఒప్పుకోదు. దరఖాస్తు చేయడానికి మాత్రం ఎవరికైనా హక్కు ఉంది. అందుచేత దరఖాస్తు నంబరు చూపించినంత మాత్రాన అది అనుమతి పత్రం కాబోదు.

మొదట స్పీడ్ పోస్టులో నోటీసు పంపి, బయానా తిరిగి ఇవ్వడానికి 15 రోజుల గడువు ఇవ్వండి. ఆలోగా జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైను 1915కు ఫోను చేసి ఫిర్యాదు నమోదు చేయించండి, చాలా వ్యవహారాలు అక్కడే పరిష్కారమవుతాయి. కాకపోతే 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద జిల్లా కమిషనుకు వెళ్లవచ్చు. చెల్లించిన మొత్తం ఐదు లక్షల లోపు అయితే ఫిర్యాదు రుసుము లేదు. మర వ్యాపారం కదా, వినియోగదారుడు ఎలా అవుతారని అవతలివారు వాదిస్తారు. స్వయం ఉపాధితో జీవనోపాధి కోసం కొన్న వస్తువుకు ఆ చట్టంలోనే మినహాయింపు ఉంది కాబట్టి, మరను బావగారే స్వయంగా నడుపుతున్నారన్న సంగతి ఫిర్యాదులో స్పష్టంగా రాయించండి. మోసం కింద పోలీసు ఫిర్యాదు ఇవ్వాలంటే భారతీయ న్యాయ సంహిత 318వ సెక్షను వర్తిస్తుంది. అయితే నోటీసుకు వారేమంటారో చూశాక ఆ మెట్టు ఎక్కడం మంచిది. రసీదు మీద జీఎస్టీ నంబరు ఉన్నదో లేదో చూసి చెప్పండి, నోటీసు నమూనా నేనే రాసి ఇస్తాను.

తాటిముంజె:
నంబరు ఉన్నది, కానీ రసీదు మీద ఉన్న పేరూ కరపత్రం మీద ఉన్న పేరూ వేరుగా ఉన్నాయి.

నల్లకోటు:
అయితే ఇద్దరి పేర్లతోనూ నోటీసు పంపాలి. వివరాలు ఇక్కడ కాకుండా నాకు విడిగా సందేశంలో పంపండి.